1972 కార్వెట్‌కి సైడ్ పైపులు: ఫైబర్ కోయకముందే అడుగుతున్నా

శ్రీకాంత్_ప్లేనో

అందరికీ నమస్కారం. డాలస్ పక్కన ప్లేనోలో ఉంటాను. నా దగ్గర 1972 షెవ్రలే కార్వెట్ కూపే ఉంది, ఫైబర్ బాడీ స్పోర్ట్స్ కారు. 350 క్యూబిక్ అంగుళాల వీ8 ఇంజను, నాలుగు గేర్ల మాన్యువల్, పవర్ స్టీరింగ్. వీఐఎన్‌లో (కారు గుర్తింపు నంబరు) ఐదో అక్షరం కె, అంటే బేస్ ఇంజనే. బ్లాకు మీద కొట్టిన నంబరు కారు నంబరుతో కలుస్తోంది. పెయింటు మాత్రం పాత యజమానులెవరో మళ్ళీ వేయించారు.

వెనక మఫ్లర్లు రెండూ తుప్పుపట్టి చిల్లులు పడ్డాయి. ఎలాగూ మార్చాలి కాబట్టి సైడ్ పైపులు, అంటే పొగ వెనక నుంచి కాకుండా పక్కల నుంచి పోయే గొట్టాలు, వేయిద్దామని ఉంది. తలుపుల కింద అటొకటి ఇటొకటి పైపు సాగి ఉంటే ఆ కారు అందం ఇంకో మెట్టు పైకెక్కుతుంది. నాకు ఈ కారు మీద ఇష్టం పుట్టిందే అలాంటి ఫొటో చూసి.

నా సందేహాలు ఇవి. ఇనుప మ్యానిఫోల్డు (ఇంజను నుంచి పొగ పోగుచేసే భాగం) బదులు విడివిడిగా నాలుగు గొట్టాలూ బయటికి కనిపించే హూకర్ కంపెనీ లాంటి హెడర్ రకం మంచిదా, 1969లో కంపెనీయే ఇచ్చిన కవరు రకం మంచిదా? బాడీ కోయక తప్పదా? దిగేటప్పుడు పిక్కలు కాలతాయంటారు, అది ఎంతవరకు నిజం? ఆదివారం గుడికి ఈ కారులోనే వెళ్తాం. మా ఆవిడ చీరలో ఎక్కి దిగుతుంది, అందుకే ఈ ప్రశ్న నాకు ముఖ్యం. టెక్సస్‌లో చట్టం సంగతి కూడా ఎవరైనా చెప్పండి.

హరిత_మిషిగన్

మంచి కారు శ్రీకాంత్ గారూ. ముందూ వెనకా రెండు వైపులా క్రోమ్ బంపర్లతో వచ్చిన చివరి ఏడాది మీది. 73లో ముందు బంపరు, 74లో వెనకది యూరథేన్ ప్లాస్టిక్‌కి మారిపోయాయి.

ముందు కొంచెం నేపథ్యం చెబుతాను, కిట్ ఎంచుకోవడానికి పనికొస్తుంది. షెవ్రలే ఈ కారుకి సైడ్ పైపుల్ని ఎన్14 అనే ఆప్షన్‌గా 1965లో మొదలుపెట్టి 67 దాకా ఇచ్చింది. 68లో కొత్త బాడీ వచ్చినప్పుడు తీసేసి, 69లో ఒక్క ఏడాది మళ్ళీ ఇచ్చింది. అప్పటి ధర 147.45 డాలర్లు. ఆ ఏడాది తయారైన 38,762 కార్లలో 4,355 కార్లకే ఎన్14 ఉంది. 1970 నుంచి సీ3 (68లో వచ్చిన మూడో తరం) బాడీలో కంపెనీ సైడ్ పైపులంటూ లేవు. మీ 72కి ఏది వేసినా తర్వాత చేర్చినదే అవుతుంది. దానివల్ల ఒక మేలుంది. "ఇది ఒరిజినలేనా" అన్న లెక్క పక్కన పెట్టి, మీ వాడకానికి ఏది సరిపోతుందో అది చూసుకోవచ్చు.

ఇంకో విషయం. 1970 నుంచి చక్రాల వెనక ఫెండరు అంచుల్ని కొంచెం బయటికి వెడల్పు చేశారు, టైర్ల నుంచి ఎగిరే రాళ్ళు పెయింటుకి తగలకుండా. 68-69 కార్ల కోసం చేసిన కవర్లు మీ కారుకి ఉన్నపళంగా అతకవు. 1970 తర్వాతి బాడీకి చేసినదేనా అని అమ్మేవాళ్ళని అడిగి, జవాబు రాతలో తీసుకోండి.

భాస్కర్_ఎడిసన్

నా అభిప్రాయం నిర్మొహమాటంగా చెప్తున్నా. నంబర్లు కలిసే క్రోమ్ బంపర్ కారు మీద రంపం పెట్టకండి. 72లో తయారైనవే 27,004. అందులో ఇంకా కొయ్యని, అతకని బాడీతో మిగిలినవి ఎన్ని? రేపు ఎన్‌సీఆర్ఎస్ (పాత కార్వెట్లని ఒరిజినల్‌గా ఉంచే వాళ్ళ సంఘం) జడ్జింగ్‌కి తీసుకెళ్ళాలనిపిస్తే సైడ్ పైపులకి పాయింట్లు పోతాయి. వెనక మఫ్లర్లు కొత్తవి వేయించి హాయిగా నడుపుకోండి.

రమేష్_అట్లాంటా_గ్యారేజ్

భాస్కర్ అన్న మాటలో సగం నేను ఒప్పుకుంటా. సైడ్ పైపులు వద్దన్నది ఒప్పుకోను. కోయొద్దన్నది మాత్రం ఎంతవరకు వీలైతే అంతవరకు ఒప్పుకుంటా. నేను పాత షెవీల పనే చేస్తా, సైడ్ పైపుల కార్లు గ్యారేజ్‌కి వస్తనే ఉంటయి. కొంచెం వివరంగా రాస్తున్నా, ఓపికగా చదువు శ్రీకాంత్.

రెండు రకాలకీ అసలు తేడా ఎక్కడంటే: 69 రకంలో నీ ఇనుప మ్యానిఫోల్డులు అట్లనే ఉంటయి. వాటి నుంచి వచ్చే పైపు ముందు చక్రం వెనక బయటికి తిరిగి కవరు కిందికి పోతది. ఇంజను దగ్గర ఏదీ మారదు. స్పార్క్ ప్లగ్గులకి చెయ్యి పడతది, క్లచ్ లింకేజీకి ఏదీ తగలదు. నీ మ్యానిఫోల్డు మూతి 2 అంగుళాలా, 2.5 అంగుళాలా అన్నది మాత్రం కొలిచి ఆర్డర్ పెట్టు.

హెడర్ రకం అట్ల కాదు. ఒక్కో వైపు నాలుగు గొట్టాలు ఫెండరు కింద నుంచి బయటికొచ్చి ఒక కలెక్టర్‌లో కలిసి, లావాటి సైడ్ ట్యూబులోకి పోతయి. చూడనీకి దాని ముందు ఏదీ నిలవదు, అది నిజం. కానీ మాన్యువల్ కారుకి ఎడమ వైపు బ్లాకుకి, ఫ్రేముకి మధ్యల పెడల్ కదలికని క్లచ్‌కి చేరేసే బెల్‌క్రాంక్ ఉంటది, దాన్నే జెడ్-బార్ అంటరు. అదే వైపు స్టీరింగ్ బాక్సు, పవర్ స్టీరింగ్ వాల్వు, సిలిండరు, వాటి గొట్టాలు. ఆయిల్ డిప్‌స్టిక్ కూడా ఎడమనే. కుడి వైపు స్టార్టరు. నాలుగు గొట్టాలు వీటన్నిటి మధ్యల దూరిపోవాలె. క్లచ్ పూర్తిగా తొక్కినప్పుడు, వదిలినప్పుడు జెడ్-బార్ గొట్టానికి తగలకుండ ఉన్నదా అనేది కారు కింద పడుకొని, ఇంకొకరితో క్లచ్ తొక్కించి చూడాలె.

హెడర్స్ వేస్తే కుడి మ్యానిఫోల్డు కింద ఉండే హీట్ రైజర్ వాల్వు, అంటే ఇంజను చల్లగ ఉన్నప్పుడు పొగ వేడిని కార్బురేటర్ దిక్కు మళ్ళించేది, కూడా పోతది. చలికాలంల చోక్ తెరుచుకోనీకి ఎక్కువసేపు పడతది. డాలస్‌ల అది పెద్ద బాధ కాదు. నీ కారుకి పొగ కాలుష్యం తగ్గించే ఎయిర్ పంపు ఇంకా ఉంటే, దాని గొట్టాలు మ్యానిఫోల్డుకే బిగించి ఉంటయి. హెడర్స్‌కి ఆ రంధ్రాలు ఉన్నయో లేవో ముందే చూసుకో.

ఇగ కోత సంగతి. 69లో ఎన్14 కార్లకి ఫ్యాక్టరీలనే ముందు చక్రం వెనక ఫెండరు కింది అంచుల పైపు కోసం జాగా ఇచ్చిండ్రు. నీ కారుకి ఆ జాగా లేదు. కిట్ ఏదైనా ముందు తలుపుల కింద ఉండే రాకర్ మౌల్డింగులు (పట్టీలు) ఇప్పి, పైపులు వదులుగా బిగించి, నాలుగు చక్రాలూ నేల మీద పెట్టి చూడాలె. లిఫ్టు మీద కొలిస్తే కొలత తప్పుతది. అట్ల పెట్టిన తర్వాతనే ఎంత కొయ్యాలో తెలుస్తది. కిట్‌తో వచ్చే కాగితం మీద గీసిన గీతను నమ్మి ముందే కొయ్యకు. యాభై ఏండ్ల చేతి అతుకుల బాడీ ఇది, రెండు కార్లు ఒక్క తీరు ఉండవు.

శ్రీకాంత్_ప్లేనో

రమేష్ అన్నా, ఇంత వివరంగా రాసినందుకు చాలా థాంక్స్. భాస్కర్ గారూ, మీ ఆవేదన అర్థమైంది. పాత మ్యానిఫోల్డులు, పైపుల బిగింపులు, రాకర్ మౌల్డింగులు ఒక్కటీ పారేయను, పేర్లు రాసి దాచిపెడతాను. కారుని షోలకి కాదు, రోడ్డు మీద నడపడానికే కొన్నాను.

శబ్దం గురించి ఎవరైనా చెప్తారా? అసలు ఆ గరగర సైడ్ పైపులకే ఎందుకు వస్తుంది?

హరిత_మిషిగన్

ఇది నాకు ఇష్టమైన ప్రశ్న.

మీ ఇంజను ఫైరింగ్ ఆర్డరు, అంటే సిలిండర్లు పేలే వరుస, 1-8-4-3-6-5-7-2. ఎడమ వైపు సిలిండర్లు 1, 3, 5, 7. కుడి వైపువి 2, 4, 6, 8. వీ8 మొత్తంగా చూస్తే క్రాంక్ షాఫ్టు తిరిగే ప్రతి 90 డిగ్రీలకీ ఒక పేలుడు, సమానంగా. ఒక్క ఎడమ వైపునే విడదీసి చూడండి. 1 తర్వాత 3 రావడానికి 270 డిగ్రీలు, 3 తర్వాత 5కి 180, 5 తర్వాత 7కి 90, మళ్ళీ 1కి 180. కుడి వైపు కూడా ఇలాగే ఎగుడుదిగుడు, అక్కడ 8, 4 వెంటవెంటనే వస్తాయి.

మామూలు డ్యూయల్ ఎగ్జాస్టులో రెండు వైపుల పైపులనీ మధ్యలో ఒక అడ్డగొట్టంతో కలపవచ్చు. అప్పుడు ఆ హెచ్చుతగ్గులు కొంతవరకు సర్దుకుంటాయి, శబ్దం మెత్తబడుతుంది. సైడ్ పైపుల్లో ఆ కలయికకి దారే లేదు, ఎడమది ఎడమనే, కుడిది కుడినే బయటికి పోతుంది. పైగా డ్రైవరు చెవికి ఎక్కువగా వినపడేది తన వైపు నాలుగు సిలిండర్లే. ఐడిల్‌లో ఆ తడబడే గరగర అక్కణ్ణుంచే వస్తుంది. మృదంగం ఒక్క వైపే వాయిస్తే వినిపించే దరువు లాంటిది అది.

పైపు పొట్టి కావడం రెండో కారణం. వెనకదాకా వెళ్ళే పైపులో పదడుగుల పైన ప్రయాణించి చల్లబడే గ్యాసు ఇక్కడ తలుపు వెనకే బయటపడుతుంది.

హైవే మీద ఒకే వేగంలో పోతున్నప్పుడు చెవుల్లో మోగే హోరు గురించి ముందే ఆలోచించండి. మీ వెనక యాక్సిల్ గేరు నిష్పత్తి 3.36 అనుకుంటే, నాలుగో గేరులో గంటకి 65 మైళ్ళ దగ్గర ఇంజను సుమారు 2,700 ఆర్‌పీఎం తిరుగుతుంది. ఐదో గేరు లేదు కాబట్టి అది ఇంక దిగదు. శబ్దం తగ్గించడానికి సైడ్ ట్యూబు లోపల పెట్టే ఇన్సర్టులు రెండు మూడు రకాలు వస్తాయి. గ్లాస్ ప్యాకింగ్ ఉన్న నిశ్శబ్ద రకంతోనే మొదలుపెట్టండి. గట్టిది కావాలంటే తర్వాత మార్చుకోవచ్చు.

లక్ష్మి_శాన్‌హోసే

కాళ్ళు కాలడం గురించి. అవును, కాలతాయి. మా వారికి 74 కార్వెట్ ఉంది, హెడర్ రకం సైడ్ పైపులతోనే కొన్నారు. 60 డిగ్రీల సెల్సియస్ వేడి ఉన్న లోహాన్ని కొన్ని సెకన్లు తాకితే చాలు, చర్మం కాలుతుంది. నడిపి ఆపిన పైపు దానికంటే ఎంతో వేడిగా ఉంటుంది. ఇంజను ఆపాక కూడా చాలాసేపు చల్లబడదు. ఈ కారు ఎత్తు ఎంత తక్కువో మీకు తెలుసు. దిగేటప్పుడు పిక్క సరిగ్గా పైపు ఎత్తులోకి వస్తుంది.

చీర విషయంలో మీరు అడిగింది సరైన ప్రశ్న శ్రీకాంత్ గారూ. సింథటిక్ అంచు వేడి లోహానికి తగిలితే కరిగి చర్మానికి అంటుకుంటుంది, అది మామూలు కాలిన గాయం కంటే ప్రమాదం. మా ఇంట్లో పద్ధతి ఏమిటంటే, కాళ్ళు రెండూ దగ్గరగా పెట్టి సీటు మీదే పక్కకి తిరిగి, పైపు దాటేలా పాదాలు దూరంగా ఆనించి లేవాలి. ఒక మందపాటి తువాలు కారులోనే ఉంటుంది, దిగేముందు పైపు మీద కాకుండా ఒళ్ళో కుచ్చిళ్ళ మీద వేసుకుంటాను, అంచు జారకుండా. పిల్లల్ని ఎప్పుడూ మేమే ఎత్తి దింపుతాం.

కవరు ఉన్న 69 రకంలో వేడి గొట్టానికీ కాలికీ మధ్య ఒక పొర, కొంచెం గాలి సందు ఉంటాయి. కవరు కూడా వేడెక్కుతుంది, కాకపోతే నేరుగా గొట్టం తగిలినంత కాదు. ఇంట్లో వాళ్ళు రోజూ ఎక్కి దిగే కారుకి నా ఓటు కవరు రకానికే.

ఇంకొకటి ఎవరూ చెప్పలేదు. పొగ. పైపు మూతి తలుపు వెనకే ఉంటుంది. ట్రాఫిక్‌లో ఆగి, అద్దాలు దించి, పైన టీ-టాప్ పలకలు తీసి ఉంటే పొగ లోపలికి తిరిగొస్తుంది. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు. బ్యాటరీతో పనిచేసే చిన్న అలారం ఒకటి సీటు వెనక పెట్టండి. ఫైర్‌వాల్‌లో, (ఇంజనుకీ కారు లోపలికీ మధ్య గోడ) నేలలో తీగలు దూరే రంధ్రాల చుట్టూ ఎండిపోయిన రబ్బరు గ్రోమెట్లన్నీ మార్పించండి.

భాస్కర్_ఎడిసన్

లక్ష్మి గారు చెప్పిన పొగ విషయం అందరూ చదవాలి. నా మాట మీద నేనుంటాను గానీ, వేసేవాళ్ళు ఇవన్నీ చూసుకుని వేస్తే నాకు సంతోషమే.

చట్టం గురించి నాకు తెలిసింది: కార్వెట్‌కి పొగని శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టరు 1975లో వచ్చింది. 75, ఆ తర్వాతి కార్లకి సైడ్ పైపుల కోసం కన్వర్టరు తీసేయడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం, కారు ఎంత పాతదైనా సరే. ఇది చదువుతున్న 77, 80 కార్ల వాళ్ళు గుర్తుపెట్టుకోండి. శ్రీకాంత్ గారి 72కి కన్వర్టరే లేదు.

లక్ష్మి_శాన్‌హోసే

కాలిఫోర్నియాలో 1975, అంతకు ముందు కార్లకి స్మాగ్ (పొగ) పరీక్ష లేదు. శబ్దానికి మాత్రం హద్దు ఉంది, 95 డెసిబెల్స్.

రమేష్_అట్లాంటా_గ్యారేజ్

టెక్సస్‌ల 25 ఏండ్లు దాటిన బండికి పొగ పరీక్ష లేదు. 2025 జనవరి నుంచి సొంత కార్లకి సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ కూడా తీసేసిండ్రు. కానీ పని చేసే మఫ్లరు ఉండాలనే రూలు అట్లనే ఉన్నది. ఇన్సర్టులు పీకేసి తిరిగితే పోలీసు ఆపొచ్చు, ఆపితే తప్పు మనదే.

బాషా_ఆటోనగర్

నమస్తే సార్. మాది విజయవాడ ఆటోనగర్. ఈ కారు నేను చేతితో ముట్టింది లేదు. లారీల సైలెన్సర్ పని, వెల్డింగ్ పని మా నాన్న కాలం నుంచి మాదే. మీ చర్చ మొదటి నుంచీ చదువుతున్నా. ఒక విషయం ఎవరూ అనలేదు కాబట్టి రాస్తున్నా.

ఇంజను రబ్బరు మౌంటింగుల మీద కూర్చుంటుంది. యాక్సిలేటర్ తొక్కితే పక్కకి ఒరుగుతుంది, వదిలితే తిరిగొస్తుంది. పైపు ఒక కొస ఇంజనుకి, రెండో కొస ఛాసిస్‌కి గట్టిగా బిగిస్తే ఆ కదలికంతా వెల్డింగ్ మీద పడుతుంది. కొన్నాళ్ళకి ఫ్లాంజి (పైపు బిగించే అంచు బిళ్ళ) దగ్గర పగులు ఇస్తుంది. మళ్ళీ వెల్డింగ్ కొడితే దాని పక్కన పగులుతుంది. లారీల్లో ఇది రోజూ చూసేదే. అందుకని పైపు వెనక హ్యాంగర్ రబ్బరుతోనే ఉండాలి. రబ్బరు వేడి పైపుకి మరీ దగ్గరగా ఉండకూడదు. కొత్త పైపులు పెట్టే ముందు ఇంజను మౌంటింగులు పాతవైతే అవి మార్చండి. కుంగిపోయిన మౌంటింగు మీద కొలత తీసి పైపు కడితే, తర్వాత మౌంటింగు మార్చిన రోజు ఇంజను పైకి లేచి కొలతంతా పోతుంది.

వెల్డింగ్ ముందు టాక్‌లు, అంటే చుక్క అతుకులు, మాత్రమే వేయించండి. పైపు కారు మీద ఉండగా టాక్ వేసి, విప్పి, బయట బల్ల మీద పూర్తి వెల్డింగ్ కొట్టించాలి. ఫైబర్ బాడీ కింద నిప్పురవ్వలు ఆడితే ప్రమాదం. బ్యాటరీ తీగ ముందే విప్పండి.

హరిత_మిషిగన్

బాషా గారూ, మౌంటింగుల మాట బంగారం లాంటిది. ఒక్క వివరం కలుపుతాను: సీ3లో బ్యాటరీ బానెట్ కింద ఉండదు, డ్రైవరు సీటు వెనక అరలో ఉంటుంది. కారు కొత్తగా కొన్నవాళ్ళు వెతుక్కుంటారు.

రమేష్_అట్లాంటా_గ్యారేజ్

బాషా భాయ్ చెప్పినంక నేను అదనంగ చెప్పేది రాకర్ మౌల్డింగులు ఇప్పినప్పటి పని. ఫైబర్ తుప్పు పట్టదు అనుకుంటరు అందరు. లోపల ఉన్నది ఇనుప పంజరం, దాని కింద ఇనుప ఫ్రేము. మౌల్డింగులు ఇప్పిన రోజు టార్చి పట్టుకొని బాడీ మౌంటులు, వెనక చక్రం ముందు ఫ్రేము పైకి ఎక్కే వంపు, ఈ రెండు జాగలు సుత్తితో తట్టి చూడు. ఆ వంపుల మట్టి, నీళ్ళు నిలిచి లోపల నుంచి తింటది. అక్కడ మెత్తగ తగిలితే పైపుల సంగతి ఆపి ఫ్రేము పని చేయించు. నాకు తెలిసి ఈ మొత్తం పనిలో అన్నిటికంటే విలువైన అరగంట అదే.

ఫైబర్ కోసేటప్పుడు: గీత మీద మాస్కింగ్ టేపు అతికించి, సన్నటి బ్లేడుతో, గీతకి కొంచెం లోపల కోసి, మిగిలింది ఇసుక కాగితంతో రుద్దాలె. మూతికి మంచి రెస్పిరేటర్, ఒంటి నిండ బట్టలు. ఆ దుమ్ము ఊపిరితిత్తులకి మంచిది కాదు, చర్మానికి తగిలితే దురద. కోసిన అంచుకి తప్పకుండ రెసిన్ పట్టించు, లేకుంటే పోగులు విచ్చుకొని నీళ్ళు పీల్చుకుంటది. పైపుకి, ఫైబర్‌కి మధ్య వేలు దూరేంత సందు ఉండాలె, లోపల అంచుకి వేడి ఆపే రేకు అతికించు. లేకపోతే ఎండకాలంల పెయింటు బుడగలు వస్తది.

భాస్కర్_ఎడిసన్

వెనక వేలెన్స్‌లో (బంపరు కింది పలక) పైపుల కోసం ఉన్న రెండు దీర్ఘచతురస్రపు రంధ్రాల సంగతేంటి? 69 ఎన్14 కార్లకి ఆ రంధ్రాలు లేని వేలెన్సే వచ్చింది. 72కి రంధ్రాలు ఖాళీగా కనిపిస్తాయి. దయచేసి వాటిని ఫైబర్‌తో పూడ్చకండి.

శ్రీకాంత్_ప్లేనో

పూడ్చను భాస్కర్ గారూ. ఆ రెండు క్రోమ్ చివరలూ అలాగే ఉంచి, లోపలి నుంచి పలక మూత బోల్టులతో బిగిస్తాను.

ఇప్పటివరకు జరిగింది రాస్తాను. మౌల్డింగులు విప్పాం. ఫ్రేము వంపులు, బాడీ మౌంటులు సుత్తితో తట్టి చూశాం, గట్టిగా ఖంగుమంటున్నాయి. ఇంజను మౌంటింగులు మాత్రం ఎడమది పూర్తిగా విడిపోయి ఉంది. బాషా గారి మాట లేకపోతే దాని మీదే కొలతలు తీసేవాళ్ళం. రెండూ కొత్తవి వేశాం. మ్యానిఫోల్డు మూతి కొలిచి, 1970 తర్వాతి బాడీకి చేసిన 69 తరహా కిట్, నిశ్శబ్ద రకం తెప్పించాను. మా ఆవిడ లక్ష్మి గారి పోస్టు చదివి హెడర్ రకం వద్దని తేల్చేసింది, నాకూ అదే సబబనిపించింది.

కారు నేల మీద పెట్టి, పైపులు వదులుగా బిగించి చూస్తే కుడి వైపు ఫెండరు అంచు దాదాపు సరిపోయింది. ఎడమ వైపు పైపు ఫైబర్‌ని ఆనుకుంటోంది. ఇక్కడ ఆగాను. రెండు వైపులా ఒకేలా కోయాలా, ఎడమ ఒక్కటే కోయాలా?

రమేష్_అట్లాంటా_గ్యారేజ్

ఇంకా ఏదీ కొయ్యకు. ముందు మ్యానిఫోల్డు దగ్గర నట్లు వదులు చేసి ఎడమ పైపుని తిప్పి చూడు. ఆ కీలు దగ్గర కొద్దిగ తిప్పితే ఇవతల కొసన చానా కదులుతది. రెండు వైపులా నేల నుంచి పైపు దాకా ఎత్తు కొలిచి రాయి.

శ్రీకాంత్_ప్లేనో

తిప్పాను అన్నా. ఎడమ వైపు సందు వచ్చింది, కుడి దానికంటే కొంచెం తక్కువ. ఎత్తు రెండు వైపులా సమానంగానే ఉంది. ఇప్పుడు అంచు లోపలి పెదవిని రెండు వైపులా సన్నగా గీకితే సరిపోతుంది. బయటి నుంచి చూస్తే కోత కనిపించదు.

భాస్కర్_ఎడిసన్

ఇది వినడానికి చాలా బాగుంది. ఫొటోలు పెట్టండి.

శ్రీకాంత్_ప్లేనో

పెడతాను. చివరి ప్రశ్న: మ్యానిఫోల్డు బోల్టులు తీయలేదు, పైపు ఫ్లాంజి నట్లు, కొత్త గ్యాస్కెట్లు మాత్రమే. మొదటిసారి వేడెక్కాక మళ్ళీ బిగించాలా? తర్వాత లిఫ్టు మీద పెట్టాలంటే ఎలా? పైపులు అడ్డం వస్తున్నాయి.

రమేష్_అట్లాంటా_గ్యారేజ్

బిగించాలె. ఒక్కసారి బాగ వేడి చేసి, పూర్తిగ చల్లారినంక బిగించు. రెండు మూడు డ్రైవుల తర్వాత మళ్ళీ చూడు. స్టడ్లు పాతవైతే బలంగ లాగకు, తెగితే మ్యానిఫోల్డు దించాల్సొస్తది. నట్లు ఇత్తడివి వెయ్యి, పట్టుకుపోవు.

లిఫ్టు చేతులు పైపు కింద పెట్టనియ్యకు ఎవ్వరినీ. ఫ్రేము కిందికి అందేటట్టు పొడుగు ప్యాడ్లు ఉంటయి, అవి తెచ్చుకొని కారులనే పెట్టుకో. టైరు షాపుకి పోయినప్పుడు పక్కన నిలబడి చూపించు. కవర్ల మీద బరువు పడితే ఆ రోజే వంగిపోతయి.